అక్క జాగాలో

చెయ్యి మడిచి పెట్టుకోమన్నారు కదా అని ఇంకా మడిచే ఉంచాను, దూది ఎప్పుడో ఎండిపోయి చర్మానికి అతుక్కుంది, తీసింది చిన్న సీసా అడుగుకు కూడా సరిపోనంత రక్తం, అయినా చెయ్యి నాది కానట్టు బరువుగా ఉంది, బావ కూడా అలాగే చెయ్యి మడిచి బెంచీకి ఆ చివర కూర్చున్నాడు, ఈ చివర నేను, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ, అంత ఖాళీ ఉన్నా ఇందాక చీటీ రాసే ఆమె మీ ఆయన వయసెంతమ్మా అని నన్నే అడిగింది, మా ఆయన కాదు మా అక్క భర్త అన్నాను, మరి మీ అక్క రాలేదా అంది, పోయింది అన్నాను, ఎక్కడికి అని అడగబోయి నా మొహం చూసి ఆగిపోయింది, ముప్పై నాలుగు అని బావే చెప్పాడు, ఉపేందర్, ముప్పై నాలుగు, డ్రైవరు, డ్రైవరు అనగానే ఆమె పెన్ను ఒక్క క్షణం నిలిచిందా లేక నాకే అలా అనిపించిందా, చర్లపల్లి నుంచి ఆయిల్ ట్యాంకరు తోలతాడు, విజయవాడ, విశాఖపట్నం, ఒక్కోసారి నాగపూర్, పోతే వారం, వస్తే రెండు రోజులు, అక్క బతికున్నప్పుడు ఆ రెండు రోజులూ నాచారంలోని ఆ ఒక్క గదిలో కోడికూర వాసన, రేడియో పాటలు, మూసిన తలుపు, ఉప్పల్‌లోని ఈ దవాఖానాకు రావడానికి నేను కంపెనీలో కడుపునొప్పి అని చెప్పి సగం రోజు సెలవు పెట్టాను, మందుబిళ్లలు ప్యాక్ చేసే చోట ఆడపిల్ల కడుపునొప్పి అంటే సూపర్‌వైజరు ఎదురుప్రశ్న వెయ్యడు, గంటలో రిజల్ట్ ఇస్తామన్నారు, ఆ గంట గడిస్తే నేను బావను పెళ్లి చేసుకోవాలో అక్కర్లేదో తేలిపోతుంది, నువ్వొక్కనివే ఎందుకు బావా, నేను గూడ చేయించుకుంట అంటే గానీ అతను కదల్లేదు, నా రక్తంలో ఏముంటుంది, ఇరవై రెండేళ్లుగా ఏ మగవాడి నీడా పడని రక్తం, అక్క రక్తం కూడా పెళ్లినాటికి ఇంతే కదా.

సంతోషక్క నాకంటే ఆరేళ్లు పెద్ద, భువనగిరి నుంచి నాయన మమ్మల్ని తీసుకుని కంపెనీ వాచ్‌మన్ పనికి నాచారం వచ్చినప్పుడు బస్సు దిగిన దగ్గర్నుంచి గది దాకా నన్ను చంకనేసుకుని నడిచింది అక్కేనట, చివరి నెలల్లో అక్కను చంకలో ఎత్తుకుని దొడ్డికి తీసుకుపోయింది నేను, అంత తేలికైపోయింది మనిషి, నోటినిండా పుండ్లు, అన్నం మెతుకు తగిలితే ఏడ్చేది, జ్వరం, విరేచనాలు, దగ్గు, టీబీ అన్నారు, టీబీ అనే చుట్టుపక్కల చెప్పాం, పెద్ద దవాఖానా మంచం మీద ఒకరోజు పొద్దున అమ్మ చాయ్ తేవడానికి కిందికి పోగానే అక్క నా చున్నీ పట్టి లాగింది, చెల్లె, గిది టీబీ ఒక్కటే కాదే, నాకు హెచ్ఐవీ ఉన్నదంట, డాక్టరమ్మ చెప్పింది, మస్తు ఆలస్యంగ వచ్చినవ్ అన్నది, ఎవ్వలకు చెప్పకు, నేనేం పాపం చెయ్యలె, మీ బావను తప్ప ఇంకో మొగోన్ని కన్నెత్తి చూడలె, అని ఒట్లు పెట్టింది, చచ్చిపోతున్న మనిషి బతకబోయే మనిషికి తన మంచితనం రుజువు చేసుకుంటోంది, నాకెందుకు చెప్తున్నవే అక్కా, నాకెర్క లేదా అనాలనుకున్నాను, అక్క చెయ్యి పట్టుకున్నాను, మీ బావను ఒక్కసారి అడిగిన్నే, అంది అక్క, బండి మీద లైన్ల పోయినప్పుడు యాడన్న ఏమన్న ఉన్నదా అని, నామీద్నే అనుమానమా అని రెండు దినాలు బువ్వ తినలె, ఇగ మల్ల అడగలె, ఆ అడగడం ఎప్పుడంటే అక్కకు తెల్లబట్ట అయ్యి, కింద పుండ్లు లేచి, మందుల షాపు పక్కన కూర్చునే ఆర్ఎంపీ దగ్గరికి పోయినప్పుడు, ఆయన గోలీలిచ్చి మీ ఆయన గూడ వాడాలమ్మా, లేకుంటే మల్ల వస్తది అన్నాడట, బావ ఆ గోలీలు కిటికీలోంచి పారేశాడట, రోగం నీకుంటే నేను మందు మింగుడేందని, అక్క తన వంతు గోలీలు మింగి మళ్లీ అదే పక్కలో పడుకుంది, ఎందుకు పడుకున్నవే, అని ఇప్పుడు అడగడానికి అక్క లేదు, అప్పుడు అడిగినా ఏం చెప్పేది, వారం రోజులు తిరిగి వచ్చినోన్ని దూరం పో అంటమా చెల్లె అనేది, నా బిడ్డ హరిణిని సూసుకో, అన్నది ఆ పొద్దున అక్క చివరి మాట, అవతల వార్డులో ఎవరో గిన్నె కింద పడేశారు, ఆ చప్పుడుకు ఉలిక్కిపడి నా చెయ్యి వదిలేసింది.

సూసుకో అంటే ఏమిటి, అన్నం పెట్టడమా, జడ వెయ్యడమా, అక్క చీర కట్టుకుని అక్క పక్క మీద పడుకోవడమా, మూడో మాసికం అయిన తెల్లారి అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ చాలా మామూలుగా అంది, శ్రావణంల గుళ్లె దండలు మార్పిస్తె అయిపాయె, పోరికి తల్లి దొరుకుతది, బయటామె వస్తె సవతి బిడ్డను సాదుతదా, నాయన గడపలో కూర్చుని బీడీ ముట్టించి బయటికే చూస్తున్నాడు, ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని అప్పుడే తెలిసింది, హరిణి నా ఒళ్లోనే ఉంది, నాలుగేళ్ల పిల్ల, నా గాజులు లెక్కపెడుతోంది, నేను పిల్లను దింపి బయటికి పంపి వచ్చి అమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నాను, అమ్మా, అక్క టీబీతోటి పోలె, అమ్మ చేట ఆపలేదు, మెరికలు ఏరి పక్కన వేసింది, నాకెర్కే బిడ్డా అంది, ఎర్క ఉండి అడుగుతున్నవా అమ్మా, అంటే అప్పుడు ఆపింది చేట, వాడు దుక్కలెక్క ఉన్నడు గదనే, అంటేటిదుంటె ఈపాటికి వాడు గూడ మంచంల పడకపోవునా, రాములమ్మ ఏమంటున్నదో ఎర్కేనా, రాములమ్మ అంటే బావ వాళ్లమ్మ, మీ పిల్ల పెండ్లికి ముందు కంపెనీల చేసింది గద, యాడ అంటిచ్చుకొచ్చిందో, నా కొడుకు మంచిగనే ఉన్నడు అంటున్నదట, వాడకట్టంతా వినబడేటట్టు, నువ్వు వద్దంటె ఎందుకొద్దన్నదని పది మంది అడుగుతరు, మీ అక్క మీద మచ్చ వడ్తది, నువ్వు చేస్కుంటె, సొంత చెల్లెనే ఇచ్చిన్రంటె ఏం లేకనే ఇచ్చిన్రు అనుకుంటరు, అమ్మ కళ్లల్లో నీళ్లు లేవు, లెక్క సరిచూసుకున్న మనిషిలా ఉంది, చచ్చిపోయిన బిడ్డ పేరు కోసం బతికున్న బిడ్డను పంపుతోంది, అలా అని అమ్మకు తెలుసా, తెలియదు, అమ్మకు నా మీద ప్రేమ లేదా, ఉంది, ఆ రోజు నాకిష్టమని పచ్చిపులుసు చేసింది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కంపెనీలో తారామణి లేకపోతే నేను ఈ బెంచీ దాకా వచ్చేదాన్నా, తారామణి నా పక్క కుర్చీలో బిళ్లల అట్టలు ఏరుతుంది, ఇద్దరు పిల్లల తల్లి, మొగుడు సెంట్రింగ్ పనికి ఊళ్లు తిరుగుతాడు, ఆమెకు అక్క సంగతి చెప్పలేదు, మా వాడకట్టుల ఒకామె అని చెప్పాను, తారామణి టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది, నేనొకసారి నిరోధ్ తెచ్చి దిండు కింద పెట్టిన పద్మా, అంది, అంగన్‌వాడీల ఇచ్చిన్రు, చూసి ఏమన్నడో ఎర్కనా, ఇది నీకెవ్వడు నేర్పిండే అన్నడు, ఒక్క దెబ్బ, ఇగ మల్ల తేలే, అని నవ్వింది, నేను కూడా నా డబ్బా మూసేశాను, వద్దన్నా అనుమానం, కావాలన్నా అనుమానం, మరి ఆడది ఏం చెయ్యాలె తారక్కా అంటే, ఏం చేస్తం, పెండ్లికి ముందుగాలనే రక్తం చూపియ్యమనాలె, ఎవ్వలంటరు గట్ల, అంది, ఎవరంటారు అలా, ఆ మాట రెండు రోజులు నా లోపల తిరిగింది, మూడో రోజు బావ హరిణి కోసం బిస్కెట్లు తెచ్చినప్పుడు వీధి నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడి అన్నాను, బావా, పెండ్లి మాట తర్వాత, ముందుగాల దవాఖానకు పోదాం, అతను నల్లాను చూస్తూ నాకేమైంది అన్నాడు, ఏం కాకుంటె భయమెందుకు అన్నాను, నా మీద చెయ్యి లేపుతాడనుకున్నాను, లేపలేదు, బిందె నిండి పొర్లుతుంటే నల్లా కట్టేసి, బేస్తారం పోదాం అన్నాడు, బేస్తారం అంటే గురువారం, ఇవాళ.

లోపలికి ఒక్కొక్కరినే పిలిచారు, ముందు నన్ను, ఛాయాదేవి, కౌన్సెలర్ అని తలుపు మీద రాసుంది, ఆ మేడంది కోస్తా మాట, నెమ్మదైన గొంతు, నీకేం లేదమ్మా పద్మశ్రీ అని ముందే చెప్పేసింది, నాకు సంతోషం కలగలేదు, తెలిసిన సంగతే కదా, అప్పుడు అక్క సంగతి మొత్తం చెప్పేశాను, నాలుగు నెలల్లో మొదటిసారి ఒక మనిషికి మొత్తం చెప్పాను, ఆమె ఎక్కడా అడ్డు రాలేదు, చివర్లో అంది, ఈ కుర్చీలో కూర్చున్న ఆడవాళ్లలో చాలామంది మీ అక్కలాంటివాళ్లేనమ్మా, భర్త తప్ప వేరే మగవాణ్ణి ఎరగనివాళ్లు, పెళ్లయింది కదా మాకేం రాదు అనుకుంటారు, మగవాడి నుంచి ఆడదానికి తొందరగా అంటుతుంది ఇది, పుండ్లో తెల్లబట్టో ఉంటే మరీ తొందరగా, వచ్చిందని పైకి చూస్తే తెలియదు, ఎనిమిదేళ్లయినా పదేళ్లయినా మనిషి దిట్టంగానే ఉంటాడు, రక్తం చూడాల్సిందే, లేదంటే ప్రతిసారీ తొడుగు వాడాల్సిందే, వేరే దారి లేదు, దుక్కలెక్క ఉన్నడు గదనే అన్న అమ్మ గొంతు చెవిలో వినిపించింది, వాడమంటే కొడతాడు మేడం అన్నాను, ఎవరు అంది, మా కంపెనీలో ఒకామె అన్నాను, మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది, దానికి నా దగ్గర మాత్ర లేదమ్మా, ఆయన్ని ఏదో ఒక వంకతో ఇక్కడికి తీసుకురమ్మను, నేను మాట్లాడతాను, కొందరు వింటారు, అందరూ వినరు, అంది, అబద్ధం చెప్పనందుకు ఆమె మీద నాకు నమ్మకం కలిగింది, మరి మా బావకు ఉన్నదా అని అడిగాను, అది నేను చెప్పకూడదు, ఆయన నోటితోనే రావాలి, నువ్వు అడుగు, చూపించమను, అని ఆగి, మీ అక్క పాపకు పరీక్ష చేయించారా అంది, ఇన్నాళ్లుగా నా పెళ్లి, నా భయం, అక్క పేరు, అమ్మ పరువు, ఇన్ని తలుచుకున్నాను గానీ ఆ ఒక్కటి తట్టలేదు, తల్లికి ఉంటే కాన్పులోనో పాలలోనో పిల్లకు రావొచ్చమ్మా, కడుపుతో ఉన్నప్పుడే తెలిసుంటే చాలావరకు ఆపేవాళ్లం, వచ్చినా ఇప్పుడు మందులున్నాయి, తీసుకురా, అంది, హరిణికి ఈ మధ్య తరచూ జ్వరం, ఎండాకాలం అనుకున్నాం, వానాకాలం అనుకున్నాం.

నా తర్వాత బావ లోపలికి వెళ్లాడు, తలుపు మూసుకుంది, నేను మళ్లీ ఈ బెంచీ మీద, ఎదురుగా గోడ మీద బొమ్మల కాగితం, ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, దోమ కుడితే రాదు, నా పెదాలు కదులుతున్నాయి, చదువుతున్నానేమో అనుకున్నాను, కాదు, దేవుడా ఉండాలి, ఉండాలి, ఉందని రావాలి అంటున్నాను, ఎవరి కోసం మొక్కుతున్నాను, నేను మొక్కుతున్నది ఒక మనిషి రక్తంలో విషం ఉండాలని, ఎందుకంటే ఉంటేనే నేను వద్దనగలను, లేకపోతే ఇంక నా దగ్గర ఏ కారణమూ మిగలదు, శ్రావణంలో దండలు, ఆ ఒక్క గది, అక్క దువ్వెన, అతను మా అక్క భర్త, నాకు చిన్నప్పుడు బతుకమ్మకు రిబ్బన్లు తెచ్చినవాడు, అక్క పోయినరోజు గోడకు తల బాదుకున్నవాడు, ఆ మనిషి చావు కోరుతూ నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను, తలుపు తెరుచుకుంది, బావ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, పోదాం పా అన్నాడు, అంతే, మెట్లు దిగి రింగురోడ్డు వైపు నడిచాడు, నేను వెనక, బస్సులు, హారన్లు, స్టేడియం వైపు పోయే ఆటోవాళ్ల కేకలు, చూపియ్యి బావా అనాలి, నోరు రావడం లేదు, అక్కకు కూడా రెండోసారి ఇలాగే రాలేదేమో, చాయ్ బండి దగ్గర ఆగి రెండు చాయ్‌లు చెప్పాడు, గ్లాసు నా చేతికివ్వబోయి ఆగిపోయి కింద బల్ల మీద పెట్టాడు, నేనే తీసుకున్నాను, అప్పుడు అన్నాను, చూపియ్యి బావా, అతను జేబు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడి, ఉన్నదంట పద్మా అన్నాడు.

ఒక్క క్షణం నా ఒళ్లంతా తేలికైపోయింది, గుండెల మీద నుంచి బండ తీసినట్టు, తప్పించుకున్నాను, తప్పించుకున్నాను, నవ్వు కూడా వచ్చిందేమో, చాయ్ గ్లాసు అడ్డం పెట్టుకున్నాను, అతను ఇంకా మాట్లాడుతున్నాడు, ఎన్నేండ్ల సంది ఉన్నదో చెప్పలేమన్నరు, నాకెర్క లేదు పద్మా, ఒట్టు, ఎర్క లేదంటే, అనుమానం ఉండె, దాబాల కాడ ఆడోళ్ల దగ్గరికి అందరు పోతరు, నేను గూడ పోయిన, సూపిచ్చుకోవాలంటె బుగులైతుండె, భయం, మీ అక్కకు దగ్గు మొదలైనప్పుడే నా గుండెల దడ పుట్టింది, అయినా పోలె, పోయి ఉంటె అది బతుకునేమో, గదా, నన్ను అడుగుతున్నాడు, గదా అని, అవును బావా బతికేది అననా, ఆ ముఖం చూస్తే నా తేలికదనం నాకే అసహ్యమేసింది, రోడ్డు పక్క నిలబడి ఒక మనిషి నా ముందు కూలిపోతుంటే నేను లోపల పండగ చేసుకుంటున్నాను, అంతలో అతను కళ్లు తుడుచుకుని గొంతు తగ్గించి, మేడం అంతా చెప్పింది పద్మా, మందులు సర్కారే ఇస్తదంట, ఏండ్లకేండ్లు బతకొచ్చంట, నిరోధ్ పెట్టుకుంటె అవతలోళ్లకు అంటుకోదంట, ఇంట్ల చెప్పకు, పెండ్లి చేస్కుందాం, నిన్ను ముట్టనే ముట్ట, మీ అక్క మీద ఒట్టు, పోరి కోసం, అన్నాడు, అబద్ధం చెప్తున్నాడా, లేదు, ఆ క్షణాన నిజంగానే అనుకుంటున్నాడు, కిటికీలోంచి గోలీలు పారేసిన రోజు కూడా తనకేం లేదని నిజంగానే అనుకున్నాడు, రేపు మందులు పడి ఒళ్లు తేరుకుని నాగపూర్ నుంచి వారానికి వచ్చి తలుపు మూసిన రోజు ఏమనుకుంటాడో అతనికే తెలియదు, మందులు మింగు బావా, ఒక్క పూట తప్పకు, హరిణికి నువ్వు కావాలె, శనివారం పోరిని పరీక్షకు నేను తీస్కపోత, నువ్వు గూడ రా, అన్నాను, మరి పెండ్లి అన్నాడు, వచ్చిన షేర్ ఆటో ఎక్కేశాను.

ఆటోలో ఆరుగురు ఆడవాళ్లం మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చున్నాం, కూరగాయల సంచీలు, ఒళ్లో పిల్లలు, మెడలో పుస్తెలు, వీళ్లలో ఎవరైనా ఎవరినైనా అడిగారా, అడిగితే ఎవరైనా చెప్పారా, హబ్సిగూడ దాటి నాచారం రోడ్డెక్కాక కంపెనీల మందు వాసన ఎదురొచ్చింది, ఇంటికి పోయి అమ్మకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాను, బావకు ఉన్నదమ్మా అంటే అయిపోతుంది, పెళ్లి ఆగుతుంది, సాయంత్రానికి వాడకట్టంతా తెలుస్తుంది, అక్క మీద బురద, హరిణిని బడిలో చేర్చుకోరేమో, బావను ట్యాంకరు దింపేస్తారేమో, అతని సంగతి అతని నోటితోనే రావాలి అని మేడం అన్నది, ఆ కాగితం నాది కాదు, నేను చెప్పకూడదు, చెప్పకపోతే నా దగ్గర కారణం లేదు, అనుకుంటుంటే ఇంకో సంగతి తట్టింది, ఒకవేళ లేదని వచ్చుంటే, ఆ కాగితంలో ఏమీ లేదని ఉంటే, శ్రావణంలో దండలకు తల వంచేదాన్నే కదా, వంచేదాన్ని, ఎందుకంటే నా రోజులు ఎవరితో గడవాలో చెప్పడానికి ఇంకొకరి రక్తాన్ని సాక్ష్యం పిలవాలని నాకు నేనే ఒప్పేసుకున్నాను, అమ్మ అడిగిన రోజు నుంచి నేను కారణమే వెతికాను గానీ నాకేం కావాలో ఒక్కసారి కూడా వెతకలేదు, అక్క పక్క మీద పడుకోవాలని నాకు లేదు, అతనికి జబ్బు ఉన్నా లేదు, లేకున్నా లేదు, అక్కకు కూడా ఆ రెండు రోజులూ తలుపు మూసినప్పుడు ఇష్టం లేదేమో, లేదని అనొచ్చని తెలియక పోయింది, అనడానికి పుండ్లు చూపించింది, గోలీలు చూపించింది, అవేవీ చాల్లేదు, హరిణిని నేను సాకుతాను, శనివారం ఏ రిజల్ట్ వచ్చినా సాకుతాను, చిన్నమ్మగానే సాకుతాను, దానికి దండలెందుకు, నాచారం చౌరస్తాలో దిగి గల్లీలోకి తిరిగాను, అమ్మ అడుగుతుంది, ఎందుకొద్దే, వానికేమన్న ఉన్నదన్నరా అంటుంది, బావ సంగతి బావనే అడుగమ్మా, నాకైతే ఇష్టం లేదు అంటాను, అమ్మ కొట్టొచ్చు, ఏడవొచ్చు, నాయన బీడీ పారేసి లేవొచ్చు, ఇష్టం లేదు, గంతేనా అంటారు, గంతే.